డబ్బా వెనక రాసింది

పోయిన నెల భూపాలపల్లిలో మా బావమరిది కారుకు ఆయిల్ మార్పిద్దామని షెడ్డుకు పోయాం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2021 మోడల్ డీజిల్ కారు. కిస్తీలు ఇంకా మిగిలే ఉన్నాయి. మెకానిక్ రెండు డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి 15డబ్ల్యూ-40, లీటరు మూడు వందల చిల్లర. రెండోది 5డబ్ల్యూ-30, ఏడు వందల పైన. "రెండూ ఆయిలే సార్. మన ఎండలకు చిక్కటిదే మంచిగుంటది" అన్నాడు. మా బావమరిది నా మొహంలోకి చూశాడు. "బావా, రెండు వేలు తేడా వస్తుంది."

ఆ చూపును నేను తేలిగ్గా తీసుకోను. జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో డీజిల్ కారు చాలామందికి షోకు కాదు, బతుకుదెరువు. పెళ్లిళ్లకు, హైదరాబాద్ ఆసుపత్రులకు, మేడారానికి కిరాయి తోలితేనే కిస్తీ కట్టేది. అట్లాంటి మనిషికి "ఖరీదైనదే పోయించు" అని సలహా ఇచ్చి చేతులు దులుపుకోవడం నావల్ల కాదు.

అందుకే రెండు డబ్బాలూ వెనక్కి తిప్పాను. ముందువైపు అన్నీ పెద్ద పెద్ద మాటలే. అసలు సంగతి వెనక, చీమల బారు లాంటి ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. చవక డబ్బా మీద ఆయిల్ రకం ఏపీఐ సీఐ-4 అని ఉంది. రెండోదాని మీద ఏసీఈఏ సీ3 అని, దాని కింద ఏయే కార్ల కంపెనీలు ఒప్పుకున్నాయో ఆ వరుస. కారు డ్యాష్‌బోర్డు అరలో పుస్తకం ఉంది, ఎవరూ తెరిచిన గుర్తు లేదు. తీసి చూస్తే సీ3యే కావాలని రాసి ఉంది.

ఈ సీ3 ఎందుకో ఆ ఊళ్లోనే చూపించొచ్చు. పక్కనే చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం, రెండు యూనిట్లు కలిపి 1100 మెగావాట్లు. బొగ్గు మండిపోతుంది, బూడిద మిగులుతుంది. బూడిదను మళ్లీ మండించలేం, ఎక్కడో ఒకచోట పోయాల్సిందే. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్ల పొగగొట్టంలో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. అది మసిని పట్టుకుంటుంది, వేడి ఆరు వందల డిగ్రీల దాకా పెంచి కాల్చేస్తుంది. మసి పోతుంది. కానీ ఇంజిన్‌లో ప్రతి రోజూ చుక్కో అరచుక్కో ఆయిల్ కూడా కాలుతుంది. ఆయిల్‌లో కలిపే కాల్షియం, మెగ్నీషియం, జింక్ మందులు బూడిదై ఆ ఫిల్టర్ గదుల్లో కూర్చుంటాయి. చెల్పూరులో బూడిదకు చెరువుంది. కారులో లేదు.

సీ3 రకంలో ఆ బూడిద 0.8 శాతం దాటకూడదని హద్దు పెట్టారు. సీఐ-4కు ఆ హద్దే లేదు. అది 2002 నాటి రకం. అప్పటి డీజిల్‌లో గంధకం ఎక్కువ, దాంతో పుట్టే ఆమ్లాన్ని చంపడానికి ఆ మందులు దండిగా కలపాల్సి వచ్చేది. ఇప్పుడు బంకుల్లో వచ్చే డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో పదికి మించదు. కాలం మారింది, ఆయిల్ మారింది. మన షెడ్డుల్లో మాట మాత్రం మారలేదు.

చిక్కటి ఆయిల్ మాటా అంతే. మే నెలలో సింగరేణి ఓపెన్‌కాస్టుల పక్కన 45 డిగ్రీలు కాస్తాయి, నిజమే. కానీ నడిచే ఇంజిన్ లోపల ఆయిల్ వంద డిగ్రీల దగ్గరే ఉంటుంది, బయట సంక్రాంతి చలి అయినా రోహిణి కార్తె అయినా. డబ్బా మీది 30, 40 అంకెలు ఆ వంద డిగ్రీల దగ్గర కొలిచినవే. 30కి తగ్గట్టు సందులు పెట్టి తయారుచేసిన ఇంజిన్‌లో 40 పోస్తే మేలేమీ లేదు. పైగా 15డబ్ల్యూ రకంతో పొద్దున స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, నిమిషానికి లక్షకు పైగా తిరిగే టర్బో ఇరుసుకు ఆయిల్ అందడం ఆలస్యమవుతుంది.

నా సొంత దెబ్బ కూడా చెప్పాలి. జనగామలో నా కారు రోజూ ఇంటికీ ఆఫీసుకూ మధ్య మూడు కిలోమీటర్లు తిరిగేది. ఒక షెడ్డులో డ్రమ్ములోంచి ఏదో ఆయిల్ పోశారు, నేను అడగలేదు. కొన్ని నెలలకు డీపీఎఫ్ దీపం వెలగడం మొదలైంది. ఒక పొద్దున డిప్‌స్టిక్ తీసి తుడిచి మళ్లీ ముంచి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది. తగ్గాల్సిన ఆయిల్ పెరిగింది! వాసన చూస్తే డీజిల్ కంపు. మసి కాల్చడానికి ఇంజిన్ అదనంగా డీజిల్ చిమ్ముతుంది, అది పూర్తి కాకముందే నేను బండి ఆపేస్తున్నాను, మిగిలిన డీజిల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్ చాంబర్‌లోకి దిగుతోంది. చివరికి ఫిల్టర్ మార్చాలన్నారు, లక్షకు పైమాట. తప్పంతా ఆయిల్‌దే అని ప్రమాణం చేయలేను, పొట్టి ప్రయాణాలదీ సగం పాపం. కానీ ఆ రోజు డబ్బా చూపించమని ఒక్క మాట అడగనందుకు ఇప్పటికీ బాధపడతాను.

అట్లాగని చవక ఆయిల్ అంటే విషం కాదు. మహబూబాబాద్ పల్లెల్లో ఇంకా తిరుగుతున్న పాత ఇండికాలకు, సుమోలకు, మొదటి తరం బొలెరోలకు డీపీఎఫ్ లేదు. వాటికి ప్రభుత్వ కంపెనీల సీఐ-4 15డబ్ల్యూ-40 హాయిగా సరిపోతుంది. సర్వో, మ్యాక్, హెచ్‌పీ ఏదైనా సరే, వేళకు మారిస్తే చాలు. ఆ బండ్లకు ఖరీదైన సింథటిక్ పోయించేకన్నా, ఆ డబ్బుతో రెండుసార్లు మామూలు ఆయిల్ మార్పించడమే మంచిదంటాను. బొగ్గు లారీల దుమ్ములో, కిరాయి కోసం ఏసీ వేసుకుని గంటలు గంటలు ఇంజిన్ ఆన్‌లో నిలబడే బండికి పుస్తకంలోని పదివేల కిలోమీటర్ల లెక్క చెల్లదు. అలాంటి వాడకానికి గడువు తగ్గించమని ఆ పుస్తకాల్లోనే వేరే పేజీలో ఉంటుంది.

కంపెనీ ఆమోదించిన ఆయిల్ అంటే కంపెనీ బొమ్మున్న డబ్బా ఒక్కటే అనుకుంటారు చాలామంది. కార్ల కంపెనీలు ఆయిల్ తయారు చేయవు, ఆయిల్ కంపెనీల దగ్గర చేయించుకుని తమ పేరు వేసుకుంటాయి. అదే ఆమోదం ఉన్న వేరే డబ్బా బయట తక్కువకు దొరికితే నిశ్చింతగా కొనొచ్చు. చూడాల్సింది ఒక్క మాట: 'అప్రూవల్' అని ఉందా, 'ఈ బండ్లకు తగినది' అని ఉందా. మొదటిది కార్ల కంపెనీ పరీక్షించి ఇచ్చిన మాట. రెండోది ఆయిల్ అమ్మేవాడు తనకు తాను ఇచ్చుకున్న కితాబు.

రెండు వేల తేడా లెక్క కూడా షెడ్డులోనే వేశాం. ఐదు లీటర్లు, పదివేల కిలోమీటర్లు. కిలోమీటరుకు ఇరవై పైసలు. డీజిల్‌కే కిలోమీటరుకు ఐదు రూపాయల పైన పోతోంది. మా బావమరిది కాసేపు ఆలోచించి 5డబ్ల్యూ-30 డబ్బా మూత తిప్పి చూశాడు, సీలు ఉంది. ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాను అక్కడే కోయించాం. డబ్బా గట్టిగా ఉంటే మళ్లీ నకిలీ ఆయిల్‌తో నిండి ఇంకో బండికి చేరుతుందని భయం.

మెకానిక్‌ను తప్పుపట్టడం నాకిష్టం లేదు. చెవితో విని ఇంజిన్ జబ్బు చెప్పగల మనిషి అతను. డబ్బా వెనక రాసింది అతని భాషలో లేదు, కారు పుస్తకమూ లేదు. పదిహేను లక్షల కారు బానెట్ కింద ఒక్క తెలుగు ముక్క కనపడదు. ఏ రకం ఆయిల్, ఎన్ని లీటర్లు, ఎప్పుడు మార్చాలి, ఈ మూడూ బానెట్ కింద తెలుగులో అతికించాలని కార్ల కంపెనీలను అడుగుతున్నాను. స్టిక్కర్‌కు ఎంతవుతుంది?

అంతదాకా ఆగలేక మేమే చేసుకున్నాం. తెల్ల టేపు ముక్క మీద మార్కర్‌తో రాసి, రేడియేటర్ పైనున్న పట్టీని తుడిచి అతికించాం: '5డబ్ల్యూ-30, సీ3, ఐదు లీటర్లు. మళ్లీ 72 వేలకు.' అది చూసి మెకానిక్ టేపు చుట్ట అడిగి తీసుకున్నాడు. పక్కన ఇంజిన్ బోరుకొచ్చిన ఇంకో డీజిల్ కారు నిలబడి ఉంది. దాని పుస్తకం ఎక్కడుందో యజమానికి ఫోన్ చేసి అడుగుతుండగా మేం బయల్దేరాం.