గీజర్‌ పాతదైతే... బాగుచేయించాలా, మార్చేయాలా?

కార్తీకమాసం వచ్చిందంటే తెల్లవారుజాము స్నానాలు మొదలవుతాయి. వేసవంతా ఖాళీగా ఉన్న గీజర్‌కు చేతినిండా పని! సరిగ్గా అప్పుడే అది మొరాయిస్తుంది. అరగంటైనా నీళ్లు గోరువెచ్చగానే ఉంటాయి. లేదంటే కింద నుంచి చుక్కచుక్కగా కారుతుంటుంది. మెకానిక్‌ వచ్చి 'పదేళ్లయిందిగా సార్‌, కొత్తది తీసుకోండి' అంటాడు. 'నిక్షేపంలాంటి వస్తువును పారేస్తారట్రా?' అని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డుపడతారు. ఇద్దరి మాటలోనూ సగమే నిజం. గీజర్‌ను మార్చాలా వద్దా అన్నది వయసు చూసి కాదు, చెడిపోయిన భాగమేదో చూసి తేల్చుకోవాలి.

లోపల ఏముంటుంది?

గీజర్‌ అంటే ప్రధానంగా ఓ నీళ్ల ట్యాంకు. అందులో నీళ్లను కాచే ఎలిమెంటు, తగినంత వేడెక్కాక కరెంటును ఆపే థర్మోస్టాట్‌, అది పనిచేయకపోతే ఆదుకునే కటౌట్‌, ఒత్తిడి పెరిగితే నీళ్లను బయటికి వదిలే సేఫ్టీ వాల్వు ఉంటాయి. చాలామందికి తెలియని భాగం ఇంకోటుంది... మెగ్నీషియం కడ్డీ. ట్యాంకుకు తుప్పు పట్టకుండా అది తాను కరిగిపోతుంటుంది. కడ్డీ పూర్తిగా అరిగిపోయిందంటే ఇక తుప్పు ట్యాంకు మీద పడుతుంది. బోరు నీళ్లు వాడే ఇళ్లలో ఎలిమెంటు మీద తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. దాంతో వేడి నీళ్లకు సరిగా అందదు, ఎలిమెంటు తానే వేడెక్కి కాలిపోతుంది.

ఇవైతే బాగుచేయించొచ్చు

ఎలిమెంటు, థర్మోస్టాట్‌, వాల్వు, రబ్బరు వాషరు, మెగ్నీషియం కడ్డీ... ఇవన్నీ ట్యాంకును మార్చకుండానే కొత్తవి వేయగలిగినవి. వీటి కోసం గీజర్‌నే తీసేయక్కర్లేదు. 25 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి సుమారు ఒక యూనిట్‌ కరెంటు కావాలి. 2 కిలోవాట్ల గీజర్‌కు అది అరగంట పని. గంటైనా కాగడం లేదంటే ఉప్పు పట్టిందేమో, థర్మోస్టాట్‌ ముందే ఆపేస్తోందేమో చూడమనండి.

నీళ్లు కారుతుంటే ముందు ఎక్కడి నుంచో చూడాలి. పైపు అతుకుల దగ్గరైతే చిన్న పనే. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వు నుంచి నాలుగు చుక్కలు పడితే కంగారొద్దు. వేడికి నీళ్లు వ్యాకోచిస్తాయి కాబట్టి అలా జరుగుతుంది. కారుతోంది కదాని దాన్ని మూసేస్తే మాత్రం ప్రమాదాన్ని కోరి తెచ్చుకున్నట్టే.

ఇవైతే మార్చాల్సిందే

ట్యాంకే చిల్లిపడితే ఇక ఆశ వదులుకోవాలి. వెల్డింగు చేయించినా లోపలి పూత కాలిపోయి పక్కనే మళ్లీ తుప్పు మొదలవుతుంది. చన్నీళ్లు తేటగా ఉండి, వేడినీళ్లు మాత్రమే ఎర్రగా వస్తుంటే తుప్పు గీజర్‌లోనే ఉందని అనుమానించాలి. విడిభాగాలు దొరకనప్పుడు, మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటినప్పుడు కూడా మార్చడమే మేలు. అయితే ఏటా ఎలిమెంటు కాలిపోతుంటే లోపం నీళ్లలోనే ఉండొచ్చు. కొత్త గీజర్‌ తెచ్చినా ఆ ఖర్చు తప్పదు.

కరెంటు ఆదా అవుతుందా?

'ఫైవ్‌స్టార్‌ తీసుకుంటే బిల్లు తగ్గుతుంది' అన్న మాట అందరికీ వర్తించదు. పాతదైనా కొత్తదైనా ఎలిమెంటు కరెంటునంతా దాదాపుగా వేడిగానే మారుస్తుంది. గీజర్‌పై కనిపించే స్టార్లు, కాగిన నీళ్లు ఎంతసేపు వేడిగా నిలుస్తాయన్నదానికి గుర్తు. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంటికి వాటివల్ల లాభమే. స్నానానికి అరగంట ముందు వేసి, ఆపేసే ఇంట్లో మిగిలేది కొద్దిగానే.

డబ్బుకన్నా ప్రాణం ముఖ్యం

కుళాయి తాకితే చిన్నగా షాక్‌ కొట్టినట్టుందా? ఆ క్షణం నుంచీ గీజర్‌ వాడొద్దు. ఎంసీబీ ఆపేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. ఎలిమెంటు పైతొడుగు పగిలితే కరెంటు నీళ్లలోకి వస్తుంది. ఎర్తింగు సరిగా లేకపోతే ప్రాణాలకే ముప్పు. స్విచ్‌ ఆపి స్నానం చేయడం మంచి అలవాటే. కానీ వైరింగులో ఫేజ్‌, న్యూట్రల్‌ తారుమారైతే స్విచ్‌ ఆపినా ఎలిమెంటుకు కరెంటు అందుతూనే ఉంటుంది. అందుకే గీజర్‌ పాతదైనా కొత్తదైనా ఎర్తింగు పరీక్ష చేయించాలి. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించుకోవాలి. ప్లగ్గు 16 యాంపులది ఉండాలి, ఎక్స్‌టెన్షన్‌ బాక్సు పనికిరాదు.

గ్యాస్‌ గీజర్‌ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. మంట నీలంగా కాకుండా పసుపు రంగులో ఉన్నా, మసి కనిపించినా వెంటనే ఆపేయాలి. గాలి సరిగా ఆడనిచోట అది వదిలే కార్బన్‌ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. దాన్ని మూసి ఉన్న స్నానాలగదిలో బిగించనేకూడదు.

మెకానిక్‌కు ఫోన్‌ చేసేముందు...

పాత బిల్లు ఓసారి వెతకండి. మిగతా భాగాలకన్నా ట్యాంకుకు ఎక్కువ ఏళ్లు గ్యారంటీ ఇచ్చే కంపెనీలున్నాయి. చెడిపోయిందని తీసిన భాగాన్ని చూపించమనండి, కొత్తదానికి బిల్లు అడగండి. గ్యారంటీ ఉండీ కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫోన్‌ చేయొచ్చు. ఏటా దసరా సెలవుల్లోనే ఓసారి ఉప్పు తీయించి, కడ్డీ ఎంత మిగిలిందో చూడమంటే సరి... కార్తీక స్నానాలకు చన్నీళ్లే గతి కాకుండా ఉంటుంది.