పెట్టెలో డబ్బు, పుస్తకంలో డబ్బు



సంక్రాంతి సెలవులలో నేను మాదాపూరులో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఆ యింటి డాబా మీద నిలబడితే సైబర్ టవర్స్ కనిపిస్తుంది. హైటెక్ సిటీలో మొదట లేచిన పెద్ద భవనం అదే. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి దానిని ప్రారంభించారు. ఆ రోజులలో చుట్టూ బండరాళ్ళూ, తుప్పలూ ఉండేవి. ఇప్పుడు ఎటు చూసినా అద్దాల మేడలే.

"ఇంత పెద్ద కంపెనీలను ఎలా నడుపుతారో!" అన్నాను.

"ఏముంది తాతయ్యా, నేనూ ఒక కంపెనీ నడుపుతున్నాను. రా, చూపిస్తాను" అన్నాడు మా మనవడు. వాడు ఏడవ తరగతి.

వాడి కంపెనీ కంప్యూటరులో ఉన్నది. అది ఒక ఆట. పేరు 'కాపిటలిజం'. హాంకాంగుకు చెందిన ట్రెవర్ చాన్ తయారుచేసిన ఈ ఆట 1995లో మొదటిసారి వెలువడింది. తరువాత దానికి కొత్త రూపాలు కూడా వచ్చాయి.

ఆట ఎలా ఉంటుందో చెబుతాను, వినండి. మొదట మీ చేతికి కొంత మూలధనం ఇస్తారు. దానితో ఒక నగరంలో దుకాణం పెట్టాలి. సరుకు కొనాలి, ధర నిర్ణయించాలి, ప్రకటనలు చేయాలి. కొనేవాళ్ళు మూడు సంగతులు చూస్తారు: ధర ఎంత, నాణ్యం ఎలాంటిది, ఆ సరుకుకు పేరున్నదా లేదా. లాభం వస్తే ఫ్యాక్టరీ కట్టవచ్చు, పొలం కొనవచ్చు, గని తవ్వించవచ్చు. డబ్బు చాలకపోతే కంపెనీలో వాటాలు అమ్మవచ్చు. వాటినే షేర్లు అంటారు. కంపెనీ బాగుంటే షేరు ధర పెరుగుతుంది, చితికితే పడిపోతుంది.

మావాడు తొందరపడ్డాడు. దుకాణంలో అమ్మకాలు కుదురుకోక ముందే రెండు ఫ్యాక్టరీలు కట్టాడు. జీతాలూ, ఖర్చులూ మీద పడ్డాయి. రొక్కం కరిగిపోయింది. షేరు ధర దిగజారింది.

వాడు బుగ్గన చెయ్యి పెట్టుకుని, "తాతయ్యా, డబ్బు ఇంకా ఉన్నట్టు రాసుకునే వీలుంటే షేరు ధర పడిపోయేది కాదు. తరువాత సంపాదించి సర్దేసేవాణ్ణి. కాని ఈ లెక్కలు నన్ను రాయనివ్వదు, అన్నీ కంప్యూటరే రాస్తుంది" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. "ఒరేయ్, అలా నిజంగానే రాశారురా! ఇదే హైదరాబాదులో" అన్నాను.

వాడు ఆట ఆపి నా వైపు తిరిగాడు. వాడికి చెప్పిన కథే మీకూ చెబుతున్నాను.

1987లో బి. రామలింగరాజు హైదరాబాదులో ఒక కంప్యూటరు కంపెనీని స్థాపించాడు. దాని పేరు 'సత్యం'. అది బాగా ఎదిగింది. పై దేశాల కంపెనీలకు పనిచేసిపెట్టింది. 2001లో దాని షేర్లు న్యూయార్కు బజారుకు కూడా ఎక్కాయి. అందులో ఉద్యోగం దొరికిందంటే ఇంటిల్లిపాదీ పండుగ చేసుకునే రోజులవి.

2009 జనవరి 7వ తేదీన రామలింగరాజు తన సంస్థ డైరెక్టర్లకు ఒక ఉత్తరం రాశాడు. పుస్తకాలలో చూపిన లాభాలు నిజం కావని అందులో ఒప్పుకున్నాడు. 2008 సెప్టెంబరు ఆఖరుకు బ్యాంకులలో 5,361 కోట్ల రూపాయల నిల్వ ఉన్నట్టు లెక్కలు చెబుతున్నాయి. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవు! తీసివేత చేసి చూడండి, మిగిలేది 321 కోట్లు. అంటే పుస్తకంలో నూరు రూపాయలని రాసి ఉంటే, పెట్టెలో ఉన్నది ఆరు రూపాయలు.

ఇంత తేడా ఒక్కరోజులో రాలేదు. అసలు లాభానికీ, చూపిన లాభానికీ మధ్య మొదట ఉన్న సందు చిన్నదేనని ఆ ఉత్తరంలోనే ఉన్నది. ఒక ఏడు ఎక్కువ చూపితే, మరుసటి ఏడు అంతకన్న ఎక్కువ చూపవలసి వచ్చింది. సందు పెరిగి అగాధమయింది. పులిమీద సవారీ వంటి పరిస్థితి అది. దిగితే పులి తింటుంది, దిగకపోతే ఎక్కడికి తీసుకుపోతుందో తెలియదు.

ఆ రోజు ఒక్కరోజే షేరు ధర మూడు వంతులకు పైగా పడిపోయింది. కూతురి పెళ్ళికని, ముసలితనానికని దాచుకున్న డబ్బుతో ఆ షేర్లు కొన్నవాళ్ళున్నారు. వాళ్ళేం తప్పు చేశారు? కంపెనీలో యాభై వేలమంది ఉద్యోగులుండేవారు. వచ్చే నెల జీతం వస్తుందో రాదో వాళ్ళకు తెలియదు. అయినా వాళ్ళు పని మానలేదు. కొద్దిరోజులలోనే ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించింది. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా అనే సంస్థ సత్యాన్ని తీసుకున్నది. 2013లో తనలో కలుపుకున్నది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందిని దోషులని తీర్పు చెప్పింది. వాళ్ళు పై కోర్టుకు అప్పీలు చేసుకున్నారు.

"మరి లెక్కలు చూసేవాళ్ళు ఉండరా తాతయ్యా?" అని అడిగాడు మనవడు. మంచి ప్రశ్న.

ఉంటారు. వాళ్ళను ఆడిటర్లు అంటారు. పుస్తకంలో రాసినది నిజమా, కాదా అని చూడడమే వాళ్ళ పని. బ్యాంకులో ఇంత డబ్బు ఉన్నదని కంపెనీ చెబితే, ఆడిటరు ఆ మాట నమ్మి ఊరుకోకూడదు. తానే బ్యాంకుకు రాసి, జవాబు నేరుగా తన చేతికి తెప్పించుకోవాలి. సత్యం విషయంలో ఆ కట్టుబాటు సరిగా సాగలేదు. లేని డబ్బుకు దొంగ కాగితాలు పుట్టాయి. చేయని పనులకు బిల్లులు పుట్టాయి. శిక్షపడిన పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు కూడా ఉన్నారు. తరువాత వచ్చిన 2013 కంపెనీల చట్టం, షేరు బజారులో ఉన్న కంపెనీకి ఒకే ఆడిటరు ఏళ్ళతరబడి ఉండిపోకూడదని, కొంతకాలానికి మార్చి తీరాలని నిర్ణయించింది.

మావాడు కాసేపు ఆలోచించి, "అయితే ఆట కంటే నిజం కంపెనీయే కష్టం" అన్నాడు. వాడన్నది నిజం. ఆటలో ఓడిపోవచ్చును గాని అబద్ధం రాయలేము. ఓడితే మళ్ళీ మొదలు పెట్టవచ్చు. బయట లెక్క రాసేది మనిషి. కలం అతని చేతిలోనే ఉంటుంది. ఒకసారి అబద్ధం రాస్తే మళ్ళీ మొదటికి రావడం అంత సులభం కాదు.

ఇది ఎవరో పెద్దవాళ్ళ సంగతి అనుకోకండి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడిలో పలకలూ, నోటుపుస్తకాలూ అమ్మే చిన్న దుకాణం నా చేతికి అప్పగించారు. నెలాఖరున ఏడు రూపాయలు తక్కువ వచ్చాయి. చిల్లర ఇవ్వడంలో ఎక్కడో పొరపాటు. చెప్పడానికి సిగ్గుపడి, నిల్వ సరిగా ఉన్నట్టు రాశాను. జీతం రాగానే వేసేద్దామనుకున్నాను. వేయలేదు. మరుసటి నెల ఇంకో పన్నెండు తగ్గాయి. మొత్తం పంతొమ్మిది. రాత్రి నిద్ర పట్టేది కాదు. మూడవ నెలలో మా ప్రధానోపాధ్యాయులు వచ్చి డబ్బు పెట్టె తెరవమన్నారు. లెక్కపెట్టి, ఒక్క మాటే అన్నారు: "మొదటి నెలే రాసి ఉంటే అది ఏడు రూపాయల పొరపాటు, మాస్టారూ. ఇప్పుడు దానిని ఏమనాలో మీరే చెప్పండి." ఆ మాటకు నేను జవాబు చెప్పలేకపోయాను.

ఈ నెల మీకొక పని. ఒక చిన్న పుస్తకంలో మూడు గీతలు గీసి జమ, ఖర్చు, నిల్వ అని రాయండి. అమ్మా నాన్నా ఇచ్చిన డబ్బుకు ముప్పై రోజులు లెక్క ఉంచండి. ప్రతి ఆదివారమూ డబ్బు లెక్కపెట్టి నిల్వతో సరిచూడండి. తేడా వస్తే అంకె దిద్దవద్దు. "మూడు రూపాయలు తక్కువ" అని ఉన్నదున్నట్టు రాయండి.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆ మూడు రూపాయలకు పిల్లవాడిని కోప్పడకండి. ఉన్నది రాసినందుకు భుజం తట్టండి. కోప్పడితే, వచ్చే ఆదివారం వాడి నిల్వ చక్కగా సరిపోతుంది, పుస్తకంలో మాత్రమే!