తెలియని కమిటీ... తేలని ఫిర్యాదు

గోవా విశ్వవిద్యాలయంలో ఓ అధ్యాపకుడిపై విద్యార్థినులు లైంగిక వేధింపుల ఫిర్యాదు చేశారు. 2009లో కమిటీ విచారించింది. ఆయన ఉద్యోగం పోయింది. 2012లో బొంబాయి హైకోర్టూ ఆ నిర్ణయాన్నే నిలబెట్టింది. 2023 మేలో సుప్రీంకోర్టు మాత్రం దాన్ని కొట్టేసింది. అలాగని ఆయన నిర్దోషి అని చెప్పలేదు. కమిటీ హడావుడిపడి, తన వాదన చెప్పుకునేందుకు ఆయనకు తగిన అవకాశం ఇవ్వలేదంది. 2009 మే నాటి దశ నుంచి విచారణ మళ్లీ సాగించమంది. పద్నాలుగేళ్లు గడిచాక కూడా ఫిర్యాదు తేలలేదు. నష్టపోయింది ఇరుపక్షాలూ.

అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జస్టిస్ హిమా కోహ్లీ రాసిన ఈ తీర్పు, కమిటీ సభ్యులకు క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. నిజానికి పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టేందుకు తెచ్చిన 2013 నాటి చట్టంలోని 19వ సెక్షన్ ఆ బాధ్యతను ఎప్పుడో యజమాని మీద పెట్టింది. పదిమంది పనిచేసే చోటల్లా అంతర్గత కమిటీ ఉండాలి. లేకపోతే రూ.50,000 వరకు జరిమానా. అందుకే చాలాచోట్ల గోడమీద సభ్యుల పేర్లు కనిపిస్తాయి. ఫిర్యాదు వస్తే ఏం చేయాలో ఆ సభ్యులకు తెలుసా అన్నదే అసలు ప్రశ్న.

ఏడాదికోసారి సిబ్బందిని కూర్చోబెట్టి స్లైడ్లు చూపించి, హాజరు పట్టీలో సంతకాలు తీసుకుంటే అవగాహన కార్యక్రమం అవుతుందేమో కానీ, విచారణ చేయడం రాదు. ఫిర్యాదు ప్రతిని ప్రతివాదికి ఎప్పుడివ్వాలి, సాక్షులను ఎలా ప్రశ్నించాలి, వివరాలు బయటికి పొక్కకుండా ఏం చేయాలి అన్నవి సాధన చేస్తేనే వస్తాయి. రాజీ సంగతే చూడండి. బాధితురాలు కోరితేనే, అదీ విచారణ మొదలవక ముందే రాజీకి ప్రయత్నించాలి. డబ్బు ప్రాతిపదిక కాకూడదు. ఇది తెలియని హెచ్ఆర్ అధికారి ‘ఎంతోకొంత ఇచ్చి సర్దేద్దాం’ అంటే సంస్థను కాపాడినట్టు కాదు, చట్టాన్ని మీరినట్టు.

విచారణకు గడువు 90 రోజులు. అది దాటిన ఫిర్యాదులెన్నో కంపెనీలు బోర్డు నివేదికలో చెప్పాలన్న నిబంధన 2025 జులైలో అమల్లోకి వచ్చింది. పారదర్శకతకు మంచిదే. కానీ పద్ధతి తెలియని కమిటీని గడువు తరిమితే గోవా అనుభవమే పునరావృతమవుతుంది.

చిన్న యజమానులు ఖర్చుకు వెనకాడటం అర్థం చేసుకోదగిందే. వారికి కావలసింది ఖరీదైన సదస్సు కాదు. ఒక పారిశ్రామికవాడలోని యూనిట్లు కలిసి, తెలుగులో, ఊహాజనిత ఫిర్యాదుతో నమూనా విచారణ చేయించుకోవచ్చు. అందులో యజమాని కూడా కూర్చోవాలి. నివేదిక అందాక 60 రోజుల్లో చర్య తీసుకోవాల్సింది ఆయనే కదా! తనిఖీకి వచ్చే అధికారులు సైతం కమిటీ ఏర్పాటు ఉత్తర్వుతో సరిపెట్టుకోకుండా, సభ్యులు నేర్చుకున్నదేమిటో అడగాలి. ఆ ప్రశ్న ఎదురవుతుందని తెలిసిన రోజే శిక్షణ కాగితం దాటి కార్యాలయంలోకి అడుగుపెడుతుంది.