ప్రాంతీయ మండలులు - స్థానిక సంస్థలు

భాషను బట్టి రాష్ట్రము లేర్పడవలెనని కోరినవారిలో ఆంధ్రులు అగ్రగణ్యులు. ఆ కోరిక 1953 అక్టోబరు 1వ తేదీన కొంతయు, 1956 నవంబరు 1వ తేదీన మరికొంతయు ఫలించినది. కాని ఎల్ల యెచ్చట నిర్ణయించినను దాని కావల కొందరు మిగులుట తప్పదు. బళ్లారి, కోలారు, హోసూరు, బరంపురము, పర్లాకిమిడి, షోలాపురములందు తెలుగువారు తరతరములుగా వేరూనియున్నారు. వీరిలో కొందరు మగ్గమును నమ్ముకొని పోయి స్థిరపడినవారు. కొందరు తాము కదలకుండగనే రాష్ట్రము మారినవారు. 1954లో ఫ్రెంచివారి పాలననుండి విముక్తమైన యానాము గోదావరి తీరముననే యుండియు పరిపాలనకు దూరమునందలి పుదుచ్చేరి నాశ్రయించుచున్నది.

ఇట్టివారి యోగక్షేమములను విచారించుటకు చట్టమున నొక వేదిక కలదు. 1956 నాటి రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము ఐదు ప్రాంతీయ మండలులను నెలకొల్పినది. కేంద్ర హోం మంత్రి వానికి అధ్యక్షుడు. ప్రతి రాష్ట్రమునుండి ముఖ్యమంత్రియు, మరి ఇద్దరు మంత్రులును సభ్యులు. సరిహద్దు తగవులు, అంతర్రాష్ట్ర రవాణాతోపాటు భాషాల్పసంఖ్యాకుల విషయమును గూడ మండలి చర్చింపవచ్చునని 21వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. 1959లో దక్షిణ మండలి మంత్రులు ఈ రక్షణలను గూర్చి యొక అంగీకారమునకు వచ్చిరి కూడ.

వేదిక యున్నను అందు లోపములు రెండు కలవు. మొదటిది, తెలుగువారు మూడు మండలులకు పంచబడియుండుట. ఆంధ్రప్రదేశము, తెలంగాణము, కర్ణాటకము, తమిళనాడు, పుదుచ్చేరి దక్షిణ మండలిలోనివి. ఒడిశా తూర్పు మండలిలోనిది, మహారాష్ట్రము పశ్చిమ మండలిలోనిది. 2021 నవంబరు 14వ తేదీన దక్షిణ మండలి తిరుపతిలో సమావేశమైనప్పుడు హోసూరు పాఠశాలలను గూర్చి ప్రస్తావించుటకు వీలుండెను. బరంపురపు పాఠశాలలను గూర్చి అడిగిన, బదులు చెప్పవలసిన రాష్ట్రము ఆ సభలో సభ్యురాలు కాదు. మండలులు ఉమ్మడిగా సమావేశమగుటకు ఆ చట్టమే అవకాశ మొసగినది. ఆ అవకాశమును వినియోగించుకొనుమని కోరుటకు ఎవ్వరి యనుమతియు అక్కరలేదు.

రెండవ లోపము ఇంతకంటె ముఖ్యమైనది. ప్రాథమిక దశలో అల్పసంఖ్యాకుల బిడ్డలకు మాతృభాషలో బోధన కల్పించుటకు యత్నింపవలసిన బాధ్యతను రాజ్యాంగములోని 350-ఏ అధికరణము రాష్ట్రమునకే గాక, రాష్ట్రములోని ప్రతి స్థానిక సంస్థకును అప్పగించినది. బాధ్యత పురపాలక సంఘముపై నున్నది; చర్చ మాత్రము మంత్రుల సభలో జరుగుచున్నది. మండలి తన ఉపసంఘములలో మంత్రులను, ఉద్యోగులను చేర్చుకొనుటకు చట్టము మార్గము చూపినది గాని, పురపాలక సంఘాధ్యక్షునకు, జిల్లా పరిషత్తు అధ్యక్షునకు అందు స్థానము చూపలేదు. ఏ వీధిలో తెలుగు పిల్ల లెందరున్నారో, ఏ బడిలో ఉపాధ్యాయుని ఖాళీ యున్నదో ఎరిగినవారు వారే గదా!

మండలి సలహాసంఘము మాత్రమే, దానివలన ఒరుగున దేమున్నదని కొందరు పెదవి విరువవచ్చును. ఉపాధ్యాయుల శిక్షణ, పాఠ్యపుస్తకముల సరఫరా, బడి తెరువకముందే విద్యార్థుల భాషాభీష్టమును నమోదు చేయుట వంటి పనులకు శాసనముకంటె పొరుగువారి సమ్మతియే ముఖ్యము. సమ్మతికి సంభాషణ కావలయును. సరిహద్దు జిల్లాల స్థానిక సంస్థల అధ్యక్షులను ఏటేట ఆహ్వానించి వినుటకు మండలులు తీర్మానించినచో, అధికారమేదియు పంచుకొనకుండగనే పని సాగును.

అయితే అడుగువాని చేతులు శుభ్రముగా నుండవలయును. ఇచ్ఛాపురపు ఒరియావారికి, మడకశిర కన్నడిగులకు, నగరి తమిళులకు, ఆదిలాబాదు మరాఠీవారికి మనము సమకూర్చునదే పొరుగు రాష్ట్రములనుండి మనము కోరదగిన పరిమాణము. మన తెలుగు రాష్ట్రములు రెండును ఈ విషయమున మొదట తమ లెక్క తేల్చి మండలి ముందుంచిన, మన మాటకు బలము చేకూరును.

ఢిల్లీయందలి తెలుగు న్యాయవాదులు, ఉద్యోగులు, విద్యాధికులు ఉగాది సభలతో తృప్తినొందక, ఉమ్మడి సమావేశమును గోరు విజ్ఞాపన నొకదానిని సిద్ధపరచి హోం మంత్రికి సమర్పింతురుగాక. చట్టము తెలిసినవారు వారు. అధికార పీఠమునకు దగ్గరనున్నవారును వారే. బరంపురములో పలక పట్టిన బిడ్డకు ఢిల్లీ దారి తెలియదు.