మహిమ శరీరం సరే, మంచినీళ్ల మాటేమిటి?

ధ్యాన భాగం: మత్తయి 25:31–46, 2 రాజులు 2:19–22



మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్‌తో నడుము వంగిపోయిన విశ్వాసుల ఇళ్లకు వెళ్లినప్పుడు మనం చెప్పే మాట ఒకటుంది: "బాధపడకమ్మా, ఈ దేహం మట్టిది. ప్రభువు వచ్చినప్పుడు నీకు మహిమ శరీరం ఇస్తాడు." ఆ మాట సత్యమే. పునరుత్థానం లేకపోతే మన ప్రకటనే వ్యర్థం. కానీ ప్రార్థన చేసి, కానుక కవరు జేబులో పెట్టుకొని, మనం తెచ్చుకున్న సీసా నీళ్లు తాగి లేచి వచ్చేస్తే, ఆ సత్యాన్ని మత్తుమందుగా వాడినట్టే.

ఈ రోగం ఎవరి పాపానికీ వచ్చిన శాపం కాదు. మన నేల కింది గ్రానైట్ రాతిలోని ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరుగుతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గారపడతాయి, ఎముకలు బిగుసుకొని వంగుతాయి. ఎండలో కూలి చేసేవాళ్లు ఎక్కువ నీళ్లు తాగక తప్పదు. పాలు, గుడ్లు దొరకని ఒంటికి తట్టుకునే బలం ఉండదు. అందుకే ఊరంతా ఒకే బోరు నీళ్లు తాగినా పేదవాడే ముందు వంగుతాడు.

హైదరాబాద్ రాష్ట్రంలోని ఈ రోగం గురించి 1945లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో ఈ నీళ్ల బాధను దేశానికి చూపించాలని జనం వరుసగా నామినేషన్లు వేశారు. నల్గొండ స్థానంలో 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ప్రవక్తలు చేయవలసిన పని ఆ జనం చేశారు. 1945 నుండి 1996 వరకు ఉన్న ఆ యాభై ఏళ్లలో మన ప్రసంగపీఠాల మీద తీర్పు గురించి ఎన్ని ప్రసంగాలు జరిగి ఉంటాయి! కల్లు మీద, సినిమాల మీద, నగల మీద. నీళ్ల మీద ఎన్ని?

తీర్పు దినాన న్యాయాధిపతి ఏమి అడుగుతాడో మత్తయి 25లో ముందే చెప్పాడు. ప్రశ్నాపత్రం మన చేతికి ఇచ్చేశాడు. అందులో దాహం ఒక ప్రశ్న. ఎడమవైపు నిలిచినవాళ్లు దొంగలని, నరహంతకులని ఆయన అనలేదు. నీళ్లు ఇవ్వలేదన్నాడు. లూకా 16లో ధనవంతుడు లాజరును కొట్టినట్టు లేదు, తరిమినట్టు లేదు. వాకిట్లో ఉన్నవాణ్ణి పట్టించుకోలేదు. చివరికి అతడు అడుక్కున్నది ఒక్క నీటి చుక్క.

"అయ్యగారూ, ఇది రాజకీయం. మన పని ఆత్మల రక్షణ" అంటారు కొందరు. యెరికో మనుషులు ఎలీషా దగ్గరకు వచ్చి తమ ఊరి నీళ్లు చెడ్డవని చెప్పినప్పుడు, పరలోకం వచ్చేదాకా ఓర్చుకోండని ఆ ప్రవక్త అనలేదు. ఊట దగ్గరకు నడిచి, ఉప్పు వేసి, దేవుని పేరట నీళ్లు బాగు చేశాడు. మన కాలంలో నాగపూర్ నీరీ సంస్థ పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెడితే దానికి మన నల్గొండ పేరే పెట్టారు. ఊట దగ్గరకు నడిచినవాళ్లు వాళ్లు.

"క్రియల వల్ల రక్షణ లేదు కదా?" అని ఇంకొందరు. లేదు. కానీ ఆకలితో ఉన్నవానికి మాటలు చెప్పి పంపే విశ్వాసాన్ని యాకోబు మృతమైనదన్నాడు. కృపను ప్రకటించే నోటితోనే మృత విశ్వాసాన్ని బోధించడం ఏం న్యాయం?

పౌలును చూడండి. మొదటి కొరింథీయుల పత్రిక 15వ అధ్యాయమంతా మహిమ శరీరం గురించే. ఆ వెంటనే 16వ అధ్యాయం దేనితో మొదలవుతుంది? యెరూషలేములోని బీదలకు పంపే చందాతో! పౌలు రాసిన ఉత్తరంలో అధ్యాయాల గీతలు లేవు. పునరుత్థానం నుండి నేరుగా చందాకు వచ్చాడు. లేపబోయే దేహాన్ని దేవుడు అంత విలువగా చూస్తే, ఆ దేహం ఈ రోజు ఏ నీళ్లు తాగుతున్నదో మనకు పట్టకపోవడం ఆయన వాగ్దానాన్ని అవమానించడమే.

ఇప్పుడు మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు నల్లాల్లోకి వచ్చాయి. దేవునికి స్తోత్రం. పోరాడినవాళ్లకు వందనం. కానీ వంగిన ఎముక నల్లా నీళ్లతో నిటారు కాదు. పైపు పగిలిన రోజున, డబ్బా నీళ్లు కొనలేక పాత బోరుకు పోయేది ఎవరో కాపరికి తెలియాలి.

సేవకులారా, వచ్చే ఆదివారం లోపు మూడు పనులు చేయండి. మీ ఊరి బోరు నీళ్లను పరీక్షకు పంపించండి. సంఘంలో వికలాంగ పింఛను రానివాళ్ల పేర్లు రాసి, వాళ్లతో కలిసి మండల ఆఫీసుకు నడవండి. మందిరం రంగులకు దాచిన కానుకలో కొంత తీసి, నల్లా ఆగిన రోజుల్లో పేదల ఇళ్లకు మంచినీళ్లు చేర్చండి. ఆ తర్వాత మహిమ శరీరం గురించి ప్రసంగించండి. అప్పుడు ఆ నడుము వంగిన తల్లి కూడా మనస్ఫూర్తిగా ఆమేన్ అంటుంది.