అడుగుల చప్పుడు



వినాయక చవితినాడు అక్షతలు చేతబట్టుకొని శ్యమంతకోపాఖ్యానము వినని గృహిణి మనలో నుండదు. ప్రసేనుని సింహము చంపుట, ఆ సింహమును జాంబవంతుడు చంపి మణిని తన బిడ్డకు ఆటవస్తువుగా నిచ్చుట, నిందపడిన శ్రీకృష్ణుడు జాడ వెదకుచు గుహలో బ్రవేశించుట, ఇరువదియెనిమిది దినములు ద్వంద్వయుద్ధము జరుగుట మనకు కంఠపాఠమే. ఈ కథలో నొక చిన్నపాత్ర గలదు. భాగవత దశమస్కంధమున, కృష్ణుడు బిడ్డచెంత నిలువగానే క్రొత్తవానిని జూచి దాది భయముతో కేక వేయును. ఆ కేక విని జాంబవంతుడు కోపముతో బరుగెత్తి వచ్చును. వచ్చినవా డెవడో విచారింపక తన స్వామినే యెదిరించును. ఈ దాదిని మే మెన్నడును లక్ష్యపెట్టియుండలేదు. ఈ యేడు చైత్రమాసమున నొక యెలుగుబంటి మా కెదురైన పిమ్మటనే యామె కేక మాకు వినబడినది.

మా యాడుబిడ్డగారి యత్తవారు మందస ప్రాంతమువారు. ఆ సీమకు ఉద్దానమని పేరు. ఒకవంక సముద్రము, వేరొకవంక మహేంద్రగిరి పంక్తి, నడుమ కొబ్బరి, జీడి, పనస తోటలు. చైత్రమున జీడిపిక్కలు ఏరు పని ముమ్మరముగా నుండును. ఒకనాటి వేకువను మేమును, ఆడుబిడ్డగారి పదియేండ్ల కుమార్తెయు, తోటపని చేయు నొక వృద్ధురాలును బయలుదేరితిమి. ఇంకను వెలుగు చక్కగా రాలేదు. మంచుకు దడిసిన యాకులమీద మా యడుగుల చప్పుడు మాకే వినబడుట లేదు. ముసలమ్మ మాత్రము చేతికర్రతో నేలను గొట్టుచు, గొంతెత్తి యేదో పదము పాడుచు ముందు నడచుచుండెను. ఆ ప్రొద్దునవేళ ఆ పాట మాకు మోటుగా దోచినది.

“ఎందుకు మామ్మా ఈ గోల? తోటనంతా లేపుతావా?” అంటిమి.

“సిత్తం పంతులమ్మగోరూ” అని యామె పాట మానినది. కర్ర చంకను బెట్టుకొన్నది.

పట్టుమని పదినిమిషములు గడువలేదు. ఒక పెద్ద జీడిచెట్టు కొమ్మలు నేలకు వ్రాలి గుడిసెవలె నున్నవి. దాని యావలినుండి కమ్మరి కొలిమితిత్తి యూదినట్లు బుసబుసమను ధ్వని వచ్చుచున్నది. అదేమో యని మేము కొమ్మ తొలగించి చూచితిమి. పదిబారల దూరమున చెదపుట్టను ద్రవ్వుచు నొక యెలుగుబంటి! దాని వీపుమీద రెండు పిల్లలు, బొచ్చు నంటిపట్టుకొని యున్నవి. మమ్ము జూచి యది దిగ్గున తలయెత్తి వెనుకకాళ్ళపై నిలిచినది. ఱొమ్మున లాడమువంటి తెల్లని గుర్తు స్పష్టముగా గనబడినది.

“అత్తయ్యా!” అని యరచి బాలిక పరుగెత్తబోయెను. ముసలమ్మ యామె రెక్క పట్టి యాపినది.

“ఓలమ్మా, పరిగెట్టకండి! ఎనక్కి. మెల్లగా ఎనక్కి రండి.” పిమ్మట ఎలుగునకే చెప్పుచున్నట్లు గొంతు తగ్గించి, “పోతన్నాం తల్లీ, నీ పిల్లల జోలికి రాలేదు. పోతన్నాం” అనుచు మమ్ము వెనుకకు నడపించినది.

ఎలుగు గుర్రుమని రెండడుగులు ముందుకు ఉరికి నిలిచినది. మా ప్రాణములు మాలో లేవు. అంతలో నేమనుకొన్నదో, నాలుగు కాళ్ళపై వాలి, పిల్లలతో పొదలలో బడి మాయమైనది.

కంచెకడకు వచ్చి కూర్చుంటిమి. మా చేతుల వణకు చాలసేపటివరకు తగ్గలేదు. అప్పుడు ముసలమ్మ, “నాను పాడితే అది ముందే తప్పుకునేది పంతులమ్మగోరూ. మనం వొత్తన్నట్టు దానికి తెల్డానికే ఆ పాట” అన్నది. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే మాకు సిగ్గు హెచ్చినది. పాట నాపించినది మేము. ఆమె చేయి పట్టకున్నచో పరుల బిడ్డను ఏమి చేసియుందుమో యని నేటికిని తలచుకొని యులికిపడుచున్నాము.

ఇంటికి వచ్చిన వెనుక ఈ జంతువును గూర్చి దొరికిన గ్రంథములెల్ల జదివితిమి. అక్షరము రాని యా ముసలమ్మ చెప్పినదే శాస్త్రజ్ఞులును జెప్పుచున్నారు. మన యెలుగునకు ముఖ్యాహారము చెదలు, చీమలు, పండ్లు, తేనె. దీని పైదవుడ ముందుపండ్లలో నడిమి రెండును లేవు. ముక్కురంధ్రములను మూసికొనగలదు. పొడవైన గోళ్ళతో పుట్టను ద్రవ్వి, మట్టి నూది, పెదవులు గొట్టమువలె జాచి ఆ సందునుండి చెదలను లోనికి బీల్చును. ఆ పీల్చు సద్దు నూరు గజములకు మించి వినవచ్చును. తన సద్దులో దానికి మన సద్దు వినబడదు. వాసన పసిగట్టుటలో మిక్కిలి నేర్పరియే గాని చూపు మందము. కావున మనము నిశ్శబ్దముగా సమీపించినచో హఠాత్తుగా మీదికి వచ్చిన శత్రువువలె దోచుదుము. పులులున్న యడవులలో పుట్టి పెరిగిన జాతి యగుటచే, పారిపోవుటకంటె ఎదిరించుటయే దాని కలవాటైనది.

దీనిని పొరబడి చూచినవారు మేమొక్కరమే కాము. 1791లో జార్జి షా యను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీని గోళ్ళను బండ్లను జూచి, అమెరికాఖండమున చెట్లకు వ్రేలాడు స్లాత్ అను మందగామి జంతువుల జాతిలో జేర్చెను. అది ఎలుగని పిమ్మట దెలిసినను ఆంగ్లమున నేటికిని స్లాత్ బేర్ అనియే పిలుచుచున్నారు. మందగామి యను పేరు విని యెవరును మోసపోరాదు. పరుగున మనిషిని మించును, చెట్టు నెక్కును.

తల్లి యెలుగు సామాన్యముగా చలికాలమున గుహలో ఒకటి రెండు పిల్లల నీనును. రెండు మూడు మాసములకు వానిని వెలికి దెచ్చును. తరువాత కొన్ని మాసములు పిల్లలను వీపున మోయుచునే తిరుగును. భల్లూకజాతు లన్నిటిలో పిల్లల నిట్లు అలవాటుగా మోయునది ఇదియొక్కటే. చంకబిడ్డతో పనికి బోవు తల్లి వెనుక ఎవరైన చప్పుడు చేయక వచ్చి నిలిచినచో ఆమె యేమి చేయునో సోదరీమణులే యూహింపవచ్చును.

ఇట్లన్నంత మాత్రమున ఉద్దానము ప్రజల బాధ స్వల్పమని మా భావము కాదు. 2018 జూన్ మాసమున సోంపేట మండలము ఎర్రముక్కాంలో ఎలుగు దాడివలన భార్యాభర్తలు మరణించిరి. గ్రామస్థులు ఆ యెలుగును జంపిరి. 2022 జూన్ మాసమున వజ్రపుకొత్తూరు మండలము కిడిసింగిలో ఒక రైతు మరణించెను, పలువురు గాయపడిరి. ఆ యెలుగును అటవీశాఖవారు మత్తుమందిచ్చి పట్టి తరలింపగా అదియు బ్రతుకలేదు. 2018 అక్టోబరున వచ్చిన తిత్లీ తుపానులో చెట్లు కూలి చితికిన కుటుంబములకు మిగిలిన జీడిచెట్లే జీవనాధారము. రాలిన పిక్క నేరుకొనకున్న గడవదు. ఎలుగునకును జీడిపండు, పనసపండు ప్రియము. ఇరువురిని ఒకే చెట్టు క్రిందికి పిలుచునది ఆకలియే.

మా శ్రీముఖలింగ క్షేత్రకథ యిచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. వంశధారాతీరమున వెలసిన మా స్వామి మధుకేశ్వరుడు. మధూకమనగా ఇప్పచెట్టు. ఒక సవర గృహస్థుని భార్య లిరువురు ఇప్పపూలకై కలహింపగా, విసిగి భర్త యా చెట్టునకు గొడ్డలి యెత్తెననియు, అప్పు డందుండి శివుడు వెలువడెననియు స్థలపురాణము జెప్పుదురు. ఆ యిప్పపూవే యెలుగునకును ప్రాణము. రాత్రి రాలిన పూల నేరుటకు మన్యపు స్త్రీలు వేకువనే పోవుదురు. ఎలుగును అప్పుడే వచ్చును. ఇరువురు ఒక చెట్టునకై వచ్చినప్పుడు గొడ్డలి యెత్తుటయే పరిష్కారమైనచో ఆ కథ మనకు జెప్పవలసిన పనియే లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించియు ఎలుగును జంపుట నేరము.

తోటలకు, కట్టెలకు, పూలకు బోవు స్త్రీలు మీ యిండ్లలో గాని ఇరుగుపొరుగున గాని యున్నచో ఈ క్రింది సంగతులు చదివి వినిపింప గోరుచున్నాము. ఒంటరిగా పోరాదు. నలుగురు గూడి, మాటలాడుచు, పాడుచు, కర్రకు చిరుగంటలు గట్టుకొని పోవలెను. చీకటి విడువని వేకువను, సందెచీకటిని తోటలోనికి పోకుండుట మేలు. తినగా మిగిలిన పనస తొనలు, తొక్కలు ఇంటి పెరటిలో పారవేయరాదు. ఎలుగు దూరమున గనబడినచో రాళ్ళు రువ్వక, కేకలు వేయక, పరుగెత్తక, వచ్చిన దారినే మెల్లగా మరలవలెను. తల్లికిని పిల్లలకును నడుమ నెన్నడును నిలువరాదు. మీదబడినచో బోరగిల బండుకొని, రెండు చేతులతో మెడ వెనుక భాగమును గప్పుకొని కదలకుండవలెను. ఎలుగు తలను ముఖమును గాయపరచుట హెచ్చు. గాయమైనవారిని వెంటనే ఆసుపత్రికి జేర్చవలెను. కాటును సబ్బుతోను ధారాళమైన నీటితోను గడుగవలెను. పిచ్చికుక్క కాటునకు వేయు టీకా దీనికిని అవసరమే. అటవీశాఖవారికి తెలుపుట మరువరాదు.

ఆ దినము మొదలు మా బాలిక రాత్రులు జడుసుకొని లేచుచుండెను. ఎలుగు వెండ్రుకను తాయెత్తున గట్టుమని పొరుగువారు సలహా యిచ్చిరి. వెనుక వీధులలో ఎలుగుల నాడించువారు అట్టి వెండ్రుక లిచ్చెడివారు. ముక్కునకు త్రాడు గ్రుచ్చి యాడించు ఆ క్రూరపు వృత్తి యిప్పుడు మానిపోయినది. వెండ్రుకతో భయము పోదని మేము ఆ బిడ్డను ఒడిలో గూర్చుండబెట్టుకొని, వీపున పిల్లలను మోయు తల్లి యెలుగు కథ జెప్పితిమి. ఆమె కొంతసేపు ఊరకుండి, “అయితే అది కూడా మనల్ని చూసి జడుసుకుందా అత్తయ్యా?” యని యడిగినది. ఔనంటిమి. నాటి రాత్రి నిద్రలో లేవలేదు.

సోదరీమణులారా, ఆడుదాని యడుగు చప్పుడు వినబడరాదని, గొంతు గడప దాటరాదని మనకు చిన్నతనమున నేర్పిరి. మేమును ఆ నేర్పునే తోటలోనికి దీసికొనిపోయి, ఒక ముసలమ్మ పాట నాపించి, బిడ్డను ప్రమాదమున బడవైచితిమి. మందసనుండి మరలివచ్చు ముందు ఆమె యింటికి బోయి ఆ పదము మరల పాడుమని యడిగితిమి. ఈమారు మేమును గొంతు గలిపితిమి. మాకు రాగము నిలువలేదు. “రాగం దేనికి పంతులమ్మగోరూ, వినబడితే సాలు” అని యామె నవ్వినది.