రేడియేటరు సరే, బిల్లు ఏది?



వేసవి ముదిరినదన్న మన దేవనహళ్ళిలో రెండు బోధలు బయలుదేరును. "కంపెనీ రేడియేటరు తప్ప వేరొకటి బిగించితిరా, ఇంజనూ పోవును, వారంటీయూ పోవును" అని షోరూమువారి బోధ. "పెట్టెమీద కంపెనీ పేరే యున్నది, ధర సగమే, బిల్లు మాత్రము అడుగవలదు" అని సందు అంగడివారి బోధ. రెండును మనవారి కూటికి ఎసరు పెట్టునవే. రెంటిని ఖండించుట మా విధి.

ఇది అల్ప విషయమని త్రోసివేయరాదు. 2008 మే నెలలో మన తాలూకాలో విమానాశ్రయము తెరచిన పిదప, మన కుటుంబములలో పెక్కుమంది యువకులు అప్పుచేసి టాక్సీలు కొని బ్రతుకుచున్నారు. హైదరాబాదు రహదారి రద్దీలో ఆగుచు సాగుచు, నంది కొండ నెక్కుచు దిగుచు తిరుగు ఆ బండ్లకు రేడియేటరే ప్రాణము. ఇంజను మితిమీరి కాగెనా, సిలిండరు హెడ్డు వంగును, గాస్కెట్టు కాలును. రేడియేటరు ధరకు ఎన్నో రెట్లు చేతినుండి పోవును. బండి షెడ్డులో నుండును, కంతు మాత్రము ఆగదు.

మొదటి బోధను విచారింతము. కార్ల కంపెనీలు రేడియేటర్లను తామే చేయుట అరుదు. విడిభాగముల కర్మాగారములవద్ద కొని, తమ పెట్టెలో నుంచి అమ్ముట వాడుక. 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. విడిభాగములు బయటి మెకానిక్కులకు సులభముగ దొరకకుండ అడ్డుపడుట అందు ముఖ్యమైన తప్పు. బయట మరమ్మతు చేయించినంతనే వారంటీ మొత్తము రద్దగునను షరతు కూడదనియు, బయటి పనిలోని లోపమువలన కలిగిన నష్టము మేరకే దానిని నిరాకరింపవచ్చుననియు ఆ ఉత్తర్వు పలికినది. దానిపై కంపెనీలు అప్పీళ్లకు పోయిన మాట నిజమే. అయినను, షోరూమువారి బెదిరింపు వేదవాక్యము కాదని తెలియుటకు ఇంతకంటె నేమి కావలెను?

ఇక రెండవ బోధ. తన పేరు తాను పెట్టుకొని, తన వారంటీ తానిచ్చి, బిల్లు వ్రాసి అమ్ము బయటి తయారీ వేరు. పరుని పేరు అచ్చువేసిన పెట్టెలో ఊరు పేరు లేని సరకు నుంచి అమ్ముట వేరు. మొదటిది వర్తకము, రెండవది దొంగతనము. మేమును త్రాసు పట్టినవారమే గనుక ఈ మాట గట్టిగా చెప్పుచున్నాము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము బిల్లు ఇయ్యకుండుటను అక్రమ వర్తకముగ నెంచినది. "బిల్లు వ్రాసిన పన్ను పెరుగును" అందురా? 2025 సెప్టెంబరు 22 నుండి రేడియేటరు వంటి విడిభాగములపై జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు దిగినది. ఇంకను సాకులేల?

మమ్ము మిక్కిలి బాధించు సంగతి వేరొకటి కలదు. అమ్మువాడు తెలుగు మాటాడెనా, బిల్లు అడుగుట అమర్యాదయని మనవారు తలచుచున్నారు. "మనవాడే కదా!" అందురు. మనవాడైనచో అడుగక ముందే వ్రాసి యియ్యవలదా? ఇంట తెలుగు, వీథిలో కన్నడము పలుకుచు తరతరములుగా ఈ యూర మనము గడించిన గౌరవము మాట నిలుకడవలన దక్కినది. భాష పేరు చెప్పి దొంగసరకు చెల్లించువాడు ఆ మూలధనమునే తినివేయుచున్నాడు. అట్టివాడు మన సభలో ముందు వరుసను కూర్చున్నను ఉపేక్షింపరాదు.

న్యాయముగ పలుకవలెనన్న, నెపమంతయు సరకుదే కాదు. మన బోరు నీరు గడుసు నీరు. దానిని పోసిన, సున్నపు పొర సన్నని గొట్టములలో పేరుకొని ప్రవాహమును అడ్డును. ఎంత మేలైన రేడియేటరును అది బ్రతుకనీయదు. కావున బండి పుస్తకములో చెప్పిన కూలంటునే, శుద్ధజలముతో తగు పాలున కలిపి పోయవలెను. క్రొత్తది బిగించుటకు ముందు పాత మడ్డిని కడిగింపవలెను. పాతదాని ప్రక్కన క్రొత్తదానిని నిలిపి కొలతలు, మందము, గొట్టముల మూతులు సరిచూడవలెను. మూతను మరువరాదు. ఒత్తిడిని నిలిపి, వేడి 100 డిగ్రీలు దాటినను నీరు మరుగకుండ కాపాడునది అదియే. థర్మోస్టాటు, ఫ్యాను పనిచేయుచున్నవో లేవో చూడక, నేరము రేడియేటరుపై మోపరాదు.

కావున మా నిర్ణయమిది. కొనువారు బిల్లుమీద తయారీదారు పేరు, భాగపు నంబరు, వారంటీ గడువు వ్రాయించుకొనవలెను. వ్రాయనివానివద్ద కొనరాదు. మోసపోయినవారు ఊరకుండక 1915 నంబరు వినియోగదారుల సహాయకేంద్రమునకు ఫోను చేయవలెను. అమ్ము మనవారు అడిగించుకొనక బిల్లు ఇయ్యవలెను. కంపెనీ పెట్టెకు మ్రొక్కనక్కరలేదు, చౌక ధరకు లొంగనక్కరలేదు. సరకుపై తన పేరు వ్రాసికొని, ఆ పేరునకు పూచీపడు వర్తకునే ఆదరింతము. అతడు ఏ భాషవాడైననేమి?